గంజాయి మొక్క, సీబీడీ, డెల్టా-8: మన చట్టం దేన్ని చూస్తుంది?

బ్రదర్, మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. డాలస్ నుంచి వచ్చిన మీ కజిన్ ఇచ్చి వెళ్లిన డెల్టా-8 గమ్మీలు (గంజాయిలో మత్తిచ్చే టీహెచ్‌సీ అనే పదార్థంలో ఒక రకం కలిపిన జెల్లీ మిఠాయిలు), సీబీడీ నూనె (అదే మొక్కలోని, మత్తు ఇవ్వని పదార్థం కలిపింది) ఇక్కడ వాడొచ్చా? ఇన్‌స్టాగ్రామ్‌లో యాడ్ వచ్చే 'విజయ' అనే ఆయుర్వేద గంజాయి నూనె, వీడియో కాల్‌లో డాక్టరు రాసిచ్చేది, నిజంగా చట్టబద్ధమేనా? ఆన్‌లైన్లో మామూలుగా దొరికే హెంప్ సీడ్ ఆయిల్ (గంజాయి గింజల నూనె) కూడా అదేనా? ఇదంతా ఒంగోల్లో ఉన్న అమ్మగారి మోకాళ్ల నొప్పుల కోసం, బెంగళూరు మారతహళ్లి పీజీ నుంచి రైల్లో తీసుకెళ్దామని ప్లాన్. ముందు గమ్మీల సంగతి చెప్పేస్తాను: వాటిని రైలెక్కించకండి, ఎవరికీ ఇవ్వకండి. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడవవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను లాయర్ని కాను. పీణ్యలో మూలికల మందులు పరీక్షించే ల్యాబులో చాలా ఏళ్లు పనిచేశాను, కాబట్టి సీసా మీద ఏం రాశారు, లోపల ఏముంది అనే తేడా చూడటం నా పని. ఈ గందరగోళంలో సగం ఎక్కడి నుంచి వస్తుందంటే, మనవాళ్లు చదివేవన్నీ అమెరికా వ్యాసాలు. అక్కడ చట్టం టీహెచ్‌సీ శాతాన్ని చూస్తుంది. మన చట్టం మొక్కలో ఏ భాగం అని చూస్తుంది. ఈ ఒక్కటి పట్టుకుంటే మిగతావన్నీ వాటంతట అవే తేలిపోతాయి.

మన ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం, 1985ది. అందులో సీబీడీ అనే మాటే లేదు. 'కానబిస్' అంటే ఏమిటో చెప్పేచోట మూడు రాశారు. మొక్క నుంచి తీసిన బంక, అంటే చరస్, దాన్ని చిక్కబరిచి చేసిన హషీష్ ఆయిల్ కూడా అందులోదే. రెండోది పూత, కాయ పట్టిన కొమ్మ చివర్లు, అదే గంజాయి. మూడోది ఈ రెండింటిలో దేనితోనైనా చేసిన మిశ్రమం లేదా పానీయం. పూత లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు గంజాయి నిర్వచనంలోంచి బయట ఉన్నాయి. ఈ వాక్యం 1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో ఉన్నదాన్ని దాదాపు అలాగే తీసుకున్నది. కాశీలో శివరాత్రికి భంగు లస్సీ అమ్మేది, రాజస్థాన్‌లో లైసెన్సు భంగు దుకాణాలు నడిచేది ఈ సందులోంచే, ఎందుకంటే భంగు ఆకుతో చేసేది.

అలాగని బెంగళూరులో భంగు ఉండలు జేబులో పెట్టుకు తిరగొచ్చని కాదు. 2022లో కర్ణాటక హైకోర్టు 29 కిలోల భంగు దొరికిన ఒక కేసులో బెయిలిస్తూ, భంగు ఎన్‌డీపీఎస్ కిందకు రాదని చెప్పింది. దాన్ని పట్టుకుని "భంగు లీగల్ అయిపోయింది" అని వాట్సాప్‌లో తెగ తిప్పారు. అది బెయిలు ఉత్తర్వు. పైగా కర్ణాటక ఎక్సైజు చట్టంలో మత్తుపదార్థాల కింద భంగు పేరు ఉంది. ఆ ఉండలో నలిగిన పూత కలిసి ఉంటే అది భంగు కాదు, గంజాయి మిశ్రమం. ఆకు ఏదో పూత ఏదో పొడి చేశాక కంటితో చూసి చెప్పడం మాకే కష్టం, ఇక స్టేషన్లో ఎస్సైకి ఎలా తెలుస్తుంది? ఫోరెన్సిక్ ల్యాబు రిపోర్టు వచ్చేదాకా మీరు లోపలే.

ఇక్కడిదాకా మొక్క దారి. ఇదే చట్టానికి ఇంకో దారి ఉంది, చాలామంది దాన్ని మరిచిపోతారు. చట్టం చివర సైకోట్రోపిక్, అంటే మనసు మీద పనిచేసే పదార్థాల పట్టిక ఉంటుంది. అందులో టీహెచ్‌సీ ఐసోమర్లను (అవే పరమాణువులు, అమరికే వేరు) పేరు పేరునా రాశారు: డెల్టా-8, డెల్టా-9, డెల్టా-10 అన్నీ. ఇక్కడ ఆకా పువ్వా అన్న ప్రశ్నే లేదు, ల్యాబులో పుట్టినా అంతే. మీ కజిన్ గమ్మీలు నేరుగా ఈ దారిలో పడతాయి. డబ్బా మీద "ఫెడరల్లీ లీగల్" అని రాసి ఉంటుంది చూడండి, అది వాళ్ల ఫెడరల్, మనది కాదు.

అసలు ఆ పదార్థాలేమిటో ఇప్పుడు చూద్దాం. గంజాయి మొక్కలో వందకు పైగా కానబినాయిడ్లు అనే రసాయనాలు ఉన్నాయి, టీహెచ్‌సీ, సీబీడీ వాటిలోవే. మొక్క ముందు సీబీజీఏ అనే ఆమ్లాన్ని తయారు చేసుకుంటుంది, ఎంజైములు దాన్ని కొంత టీహెచ్‌సీఏగా, కొంత సీబీడీఏగా మారుస్తాయి. ఏది ఎక్కువన్నది ఆ రకం జన్యువుల మీద ఉంటుంది. పచ్చి మొక్కలో ఉండేది ఎక్కువగా ఈ ఆమ్ల రూపమే, టీహెచ్‌సీఏకి మత్తు లేదు. వేడి తగిలితే కార్బన్ డయాక్సైడ్ పోయి టీహెచ్‌సీ అవుతుంది. కాల్చినా, వండినా జరిగేది ఇదే. పాతబడి గాలి, వెలుతురు తగిలితే టీహెచ్‌సీలో కొంత సీబీఎన్‌గా మారుతుంది. ఈ మధ్య 'నిద్ర గమ్మీలు' అని అమ్మేవాటిలో ఉండేది ఈ సీబీఎన్నే. నిద్ర పట్టిస్తుందనడానికి ఆధారం ఇప్పటికి చాలా పలచగా ఉంది, ధర మాత్రం చిక్కగా ఉంటుంది.

టీహెచ్‌సీని విడదీసి దాని నిర్మాణం తేల్చింది ఇజ్రాయెల్ శాస్త్రవేత్త రఫాయెల్ మెషూలమ్, 1964లో, యెహియెల్ గావోనితో కలిసి. మెదడు కణాల మీద అది అతుక్కునే చోటు, సీబీ1 రిసెప్టర్, 1988లో గానీ బయటపడలేదు. మన ఒంట్లోనే అలాంటి పదార్థం తయారవుతుందని 1992లో మెషూలమ్ బృందం కనిపెట్టి దానికి 'ఆనందమైడ్' అని పేరు పెట్టింది, అవును, మన ఆనందమే. సీబీడీ ఈ సీబీ1కి సరిగ్గా అతుక్కోదు, అందుకే మత్తు రాదు. అందుకని ఏ ప్రభావమూ లేని పదార్థమనుకోకండి, అమ్మగారి విషయంలో ఇదే అసలు ముఖ్యం, దాని గురించి కింద రాస్తాను.

డెల్టా-8 మొక్కలో చిటికెడే ఉంటుంది. మార్కెట్లో ఉన్నది దాదాపు అంతా సీబీడీని రసాయన చర్యతో మార్చి చేసింది. అలా మార్చినప్పుడు పక్కన ఇంకా ఏవేవో పుడతాయి, ల్యాబు పరీక్ష గ్రాఫులో ఎక్కడో పేరు తెలియని శిఖరాలు కనిపిస్తాయి, అవేంటో తయారు చేసినవాడికే తెలియదు. హెచ్‌హెచ్‌సీ కూడా ఇలాంటి సరుకే. దాన్ని 2025 మార్చిలో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ అంతర్జాతీయ నియంత్రణ పట్టికలో చేర్చింది. ఇక 'స్పైస్', 'కే2' పేర్లతో వచ్చేవి గంజాయి మొక్కకు ఏ సంబంధమూ లేని సింథటిక్ పదార్థాలు, ఏదో ఎండు ఆకు మీద స్ప్రే చేసి అమ్ముతారు, ప్రాణాలు తీసిన సరుకు. దాని జోలికి వెళ్లొద్దు, అంతే.

అమెరికాలో ఈ గమ్మీలు కిరాణా కొట్లలోకి ఎలా వచ్చాయంటే, 2018 ఫార్మ్ బిల్లులో ఒక లెక్క రాశారు: ఎండు బరువులో డెల్టా-9 టీహెచ్‌సీ 0.3 శాతం మించకపోతే అది హెంప్, పంట. డెల్టా-8 మాటెత్తలేదు, టీహెచ్‌సీఏ మాటెత్తలేదు. వ్యాపారులు ఊరుకుంటారా? ఆ సందును 2025 నవంబరులో అక్కడి కాంగ్రెస్ మూసింది. మొత్తం టీహెచ్‌సీని లెక్కలోకి తెచ్చి, అమ్మే డబ్బాకు 0.4 మిల్లీగ్రాములే అని పెట్టింది, అమలుకు ఏడాది గడువిచ్చింది. అంటే మీ కజిన్ "మా దగ్గర ఇది మామూలే" అన్న మాటకు అక్కడే కాలం చెల్లుతోంది.

0.3 శాతం అంటే చాలామంది లేనట్టే అనుకుంటారు. ఒక్కసారి లెక్క వేయండి. 30 మిల్లీలీటర్ల నూనె సీసా బరువు దాదాపు 28 గ్రాములు. అందులో 0.3 శాతం అంటే 84 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ. కీమోథెరపీ వాంతులకు, బరువు తగ్గిపోయే రోగులకు వాడే డ్రోనాబినాల్ అనే టీహెచ్‌సీ క్యాప్సూళ్లలో అతి చిన్నది 2.5 మిల్లీగ్రాములు. నాలుగు గ్రాముల గమ్మీలో అదే 0.3 శాతం 12 మిల్లీగ్రాములవుతుంది. అలవాటు లేని పెద్దావిడ తింటే గుండె దడ, కళ్లు తిరగడం, భయం, అర్ధరాత్రి ఎమర్జెన్సీకి పరుగు. "0.3 లోపే ఉంది కదా" అని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి.

మన ఎన్‌డీపీఎస్‌లో ఈ 0.3 లేదు. శాతం తక్కువని గంజాయి గంజాయి కాకుండా పోదు. ఆ అంకె మన దగ్గర కనిపించేది సాగు నిబంధనల్లో. చట్టంలో 14వ సెక్షన్ ప్రకారం నార కోసం, గింజల కోసం సాగుకు ప్రభుత్వం అనుమతి ఇవ్వొచ్చు. 2018లో ఉత్తరాఖండ్ అలా మొదటి లైసెన్సు ఇచ్చింది, ఆ మొక్కలో టీహెచ్‌సీ 0.3 శాతం దాటకూడదన్న షరతుతో. ఆ లైసెన్సు లేకుండా ఇంట్లో ఒక్క మొక్క పెంచినా సాగు కిందే లెక్క, పదేళ్ల దాకా జైలు. 2024లో మన బెంగళూరులోనే ఒక జంట బాల్కనీ పూలకుండీలో గంజాయి పెంచి, ఆ మొక్కల వీడియో ఫేస్‌బుక్‌లో పెట్టి దొరికిపోయారు. అంత తెలివి పనికిరాదు.

శిక్షలు బరువును బట్టి. గంజాయి ఒక కిలో దాకా చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. చరస్, హషీష్ అయితే 100 గ్రాములు, ఒక కిలో. చిన్న పరిమాణానికి ఏడాది దాకా జైలు లేదా పదివేల దాకా జరిమానా లేదా రెండూ. మధ్యలోదానికి పదేళ్ల దాకా. వాణిజ్య పరిమాణానికి పది నుంచి ఇరవై ఏళ్లు, బెయిలు కూడా మహా కష్టం. ఇక్కడ ఒక మెలిక. 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు, మత్తుపదార్థం కలిపిన మిశ్రమంలో కేవలం మత్తు బరువు కాదు, కలిపిన మామూలు పదార్థం బరువు కూడా లెక్కే అంది. హషీష్ కలిపిన చాక్లెట్ కేకు తూకం వేస్తే మైదా, పంచదార కూడా మీ ఖాతాలోనే పడొచ్చు. వకీలు వాదిస్తాడనుకోండి, కానీ ఆ వాదన నెగ్గేలోపు ఎన్ని వాయిదాలు! "నాకు తెలియదండీ, ఫ్రెండ్ ఇచ్చాడు" అన్నది కూడా అంత తేలిగ్గా నడవదు. సరుకు మీ దగ్గర దొరికితే మీకు తెలిసే ఉంచుకున్నారని కోర్టు అనుకోవడంతో మొదలవుతుంది, తెలియదని నిరూపించుకోవాల్సింది మీరే.

ఇప్పుడు విజయ నూనె. ఆయుర్వేదంలో ఈ మొక్క పేరు విజయ. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద విషద్రవ్యాల జాబితా షెడ్యూల్ ఇ(1) ఉంది, అందులో భంగ కూడా ఉంది. విషం అన్న మాట చూసి కంగారు పడకండి, వత్సనాభి, నల్లజీడి గింజ లాంటివీ అందులోనే ఉంటాయి. శుద్ధి చేసి, వైద్యుడి పర్యవేక్షణలో వాడాలని అర్థం. అందుకే ఆకు నుంచి తీసిన సారంతో, ఆయుష్ లైసెన్సుతో తయారు చేసి, ఆయుర్వేద డాక్టరు చీటీతో అమ్మితే అది చట్టం లోపలే ఉన్నట్టు. ఇలా విజయ మందులు రాసే క్లినిక్ 2020లోనే కోరమంగళలో తెరిచారు, కాబట్టి మీరు చూసిన వ్యాపారం గాలిలోంచి పుట్టింది కాదు. అయితే ఇన్‌స్టాలో కనిపించే ప్రతిదీ ఇలాంటిదేనా అంటే, కాదు. తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక లేబుల్ మీద ఉండాలి. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు చీటీ మీద ఉండాలి. రెండు నిమిషాల వీడియో కాల్‌లో వేరే ఏ మందులు వాడుతున్నారో అడగకుండా చీటీ ఇచ్చేశాడంటే ఆ డాక్టర్ని వదిలేయండి.

ఇక ల్యాబు రిపోర్టు, ఇది నా వంటకం కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను. అమ్మేవాళ్లు ఒక పీడీఎఫ్ పంపుతారు. మొదట చూడాల్సింది బ్యాచ్ నంబరు మీ సీసా మీదిదేనా అని. చాలాసార్లు ఎప్పుడో ఒకసారి చేయించిన రిపోర్టునే ఏళ్ల తరబడి అందరికీ పంపుతుంటారు. రెండోది, ఏ పద్ధతిలో పరీక్షించారు. హెచ్‌పీఎల్‌సీ అనేది ద్రవంతో పదార్థాలను విడదీసే పద్ధతి, అందులో వేడి ఉండదు కాబట్టి టీహెచ్‌సీఏ, టీహెచ్‌సీ విడివిడిగా కనిపిస్తాయి. ఆవిరి చేసి విడదీసే గ్యాస్ క్రొమటోగ్రఫీలో నమూనా వేడెక్కి టీహెచ్‌సీఏ కాస్తా టీహెచ్‌సీ అయిపోతుంది, రెండూ కలిసి కనిపిస్తాయి. హెచ్‌పీఎల్‌సీ రిపోర్టులో టీహెచ్‌సీ ఒక్కదాన్నే చూసి సంతోషపడొద్దు, టీహెచ్‌సీఏని 0.877తో హెచ్చవేసి దానికి కలిపితే వచ్చేది మొత్తం టీహెచ్‌సీ. ఆ 0.877 ఏమిటంటే కార్బన్ డయాక్సైడ్ పోయాక మిగిలే బరువు వాటా. 'ఎన్‌డీ' అని రాసి ఉంటే సున్నా అని కాదు, వాళ్ల మిషను పట్టుకోగలిగినంత లేదని. పట్టుకోగల కనీస స్థాయి ఎంతో పక్కన రాయకపోతే ఆ ఎన్‌డీకి విలువ లేదు. సీసం, ఆర్సెనిక్, పురుగుమందుల రిపోర్టు కూడా అడగండి, ఎందుకంటే గంజాయి మొక్క నేలలోని లోహాలను బాగా పీల్చుకుంటుంది. 'ఫుల్ స్పెక్ట్రమ్' అంటే టీహెచ్‌సీ ఎంతో కొంత ఉంటుంది. 'ఐసొలేట్' అంటే సీబీడీ ఒక్కటే ఉండాలి. మీ కంపెనీలో గానీ, గల్ఫ్ ఉద్యోగానికి గానీ, షిప్పు ఉద్యోగానికి గానీ యూరిన్ టెస్టు ఉంటే ఫుల్ స్పెక్ట్రమ్ ముట్టుకోవద్దు. ఆ టెస్టు మీరు మందుగా వాడారా, మత్తుకు వాడారా అని చూడదు.

హెంప్ సీడ్ ఆయిల్ వేరే కథ. అది గింజల నూనె, నువ్వుల నూనెలాగా తిండి సరుకు. గింజ గంజాయి నిర్వచనంలో లేదు. 2021 నవంబరులో మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దీన్ని ఆహారంగా ఒప్పుకుంది. గింజల్లో టీహెచ్‌సీ కిలోకు 5 మిల్లీగ్రాములు, నూనెలో 10 మిల్లీగ్రాములు మించకూడదు. ఆ 0.3 శాతాన్ని కిలోకు లెక్కేసి చెబితే 3000 మిల్లీగ్రాములు, అంటే నూనెకు మన ఆహార పరిమితి దానిలో మూడొందలో వంతే. ఇందులో సీబీడీ ఉన్నా నామమాత్రం. ఒమేగా కొవ్వులకు వాడితే వాడండి, మోకాలికి పనిచేస్తుందనుకుని వేలు పోయకండి. చిన్న డ్రాపర్ సీసాలో పోసి ఆకు బొమ్మ వేసి అమ్మితే అది మీ కళ్లకు గంతలు కట్టడానికే.

ఇంత చెప్పాక అసలు విషయం. అమ్మగారు గుండె వాల్వు ఆపరేషన్ తర్వాత రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నారని మీరు చివర్లో ఒక్క లైను రాశారు. అది మొదట రాయాల్సిన లైను. లివర్లో వార్ఫరిన్‌ని విరగ్గొట్టే ఎంజైములను సీబీడీ అడ్డుకుంటుంది. రక్తంలో వార్ఫరిన్ పెరుగుతుంది, రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే ఐఎన్ఆర్ అంకె పెరుగుతుంది, లోపల రక్తస్రావం ప్రమాదం. విజయ నూనె అయినా, అమెరికా నూనె అయినా దీనికి తేడా లేదు, లీగలా కాదా అన్నది ఆమె రక్తానికి తెలియదు. గుండె డాక్టరుకు చెప్పకుండా ఒక్క చుక్క ఇవ్వొద్దు. పైగా ఫలితమైనా గ్యారంటీగా ఉందా? 2023లో వియన్నా వాళ్లు మోకీళ్ల అరుగుదల ఉన్నవాళ్లకు రోజుకు 600 మిల్లీగ్రాముల సీబీడీ ఎనిమిది వారాలు ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మందు కంటే నొప్పి తగ్గలేదు, లివర్ ఎంజైములు మాత్రం కొందరికి పెరిగాయి. మనకు అమ్మే సీసాల్లో డోసు రోజుకు 20, 30 మిల్లీగ్రాములు. సీబీడీకి గట్టి ఆధారం ఉన్నది పిల్లల్లో వచ్చే కొన్ని మొండి మూర్ఛలకు. డ్రావెట్, లెనాక్స్-గాస్టో అనే జబ్బులకు అమెరికా ఎఫ్‌డీఏ 2018లో ఎపిడియోలెక్స్‌ని ఆమోదించింది. మోకాలికి ఫిజియోథెరపీ, బరువు తగ్గడం, డాక్టరు రాసే పైపూత మందు, వీటి దగ్గరే మొదలుపెట్టండి. యాడ్‌లో ఉన్నంత గ్లామర్ ఉండదు, అంతే తేడా.

రైలు సంగతి. ఆయుష్ లైసెన్సు ఉన్న మందు, సీల్ ఉన్న సీసా, బిల్లు, ఆమె పేరు మీద చీటీ ఉంటే తీసుకెళ్లడంలో టెన్షన్ పడాల్సిందేమీ లేదు. కానీ నేను పైన చెప్పినదాన్ని బట్టి మీకు దాని అవసరమే ఉండకపోవచ్చు. తిరుగు ప్రయాణంలో మాత్రం మీ బ్యాగు మీ కళ్ల ముందే ఉంచుకోండి. విశాఖ ఏజెన్సీ, ఒడిశా సరిహద్దు నుంచి శీలావతి అనే రకం గంజాయి రైళ్లలో చెన్నై, బెంగళూరు వైపు వస్తుందని పోలీసులు ఈ మార్గం మీద కన్నేసి ఉంటారు. పక్క సీటువాడు "కాస్త ఈ సంచి చూస్తుండండి అన్నా" అంటే చూడొద్దు.

విదేశాల నుంచి పార్సిల్ తెప్పించుకోవాలన్న ఆలోచన ఉంటే మానేయండి. చామరాజపేట ఫారిన్ పోస్టాఫీసులో ఇలాంటి పార్సిళ్లు పట్టుబడుతూనే ఉంటాయి, చిరునామా మీదే ఉంటుంది కదా. ఆఫీసు ట్రిప్పులకు బ్యాంకాక్ వెళ్లే మీ ఫ్రెండ్సుకూ చెప్పండి. థాయిలాండ్ 2022 జూన్‌లో గంజాయిని మత్తుపదార్థాల జాబితాలోంచి తీసేసింది, 2025లో మళ్లీ పువ్వుకు డాక్టరు చీటీ తప్పనిసరి చేసింది. కెంపెగౌడ ఎయిర్‌పోర్టులో, చెన్నైలో కస్టమ్స్ వాళ్లు పట్టుకునే హైడ్రో గంజాయిలో (మట్టి లేకుండా నీళ్లలో పెంచేది) ఎక్కువ భాగం ఆ విమానాల్లోదే. సింగపూర్ మీదుగా వచ్చేవాళ్లు సీబీడీ నూనె కూడా బ్యాగులో ఉంచుకోకూడదు. అక్కడ 500 గ్రాములు మించి గంజాయి రవాణా చేస్తే ఉరిశిక్ష.

మీ దగ్గర ఉన్న గమ్మీలు ఎవరికీ ఇవ్వకుండా, పీజీలో ఎవరో చిన్నపిల్లాడు మిఠాయి అనుకుని తినకుండా పారేయండి. కజిన్ ఇచ్చిన సీబీడీ నూనె పువ్వు నుంచి తీసిందే అయ్యుంటుంది, అమెరికాలో దాదాపు అన్నీ అంతే, కాబట్టి దానికీ అదే దారి. విజయ నూనె కంపెనీవాళ్లు రిపోర్టు పంపి ఉంటే బ్యాచ్ నంబరు కనిపించేలా ఫోటో పెట్టండి, వాళ్లు ఏ పద్ధతిలో పరీక్షించారో, మొత్తం టీహెచ్‌సీ ఎంత తేలుతుందో చూసి చెబుతాను. అమ్మగారి చివరి ఐఎన్ఆర్ ఎంతో మాత్రం నాకు కాదు, ముందు గుండె డాక్టరుకు చెప్పండి.